పిల్లల పుస్తకం మీరే రాసి, బొమ్మలూ మీరే వేయాలంటే: ముందు డమ్మీ కుట్టండి

"పిల్లల కథ రాశాను, బొమ్మలు కూడా నేనే వేయగలను, పుస్తకంగా ఎలా తేవాలి?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే చాలామంది దగ్గర కథ ఒక వర్డ్ ఫైల్లో ఉంటుంది, బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి, రెండిటినీ ఒకే పేజీ మీద పెట్టి ఎప్పుడూ చూసుకుని ఉండరు. ఆ ఫైలూ ఆ లింకూ పబ్లిషర్‌కి పంపేసి నెలల తరబడి జవాబు కోసం చూస్తుంటారు.

నేను చెప్పబోయేదంతా డమ్మీ చుట్టూనే తిరుగుతుంది. డమ్మీ అంటే అచ్చు కాబోయే పుస్తకానికి పెన్సిల్‌తో చేసుకునే నమూనా, చేత్తో పట్టుకుని పేజీలు తిప్పగలిగేది. కథ దిద్దుకోవడం, బొమ్మ వేయడం, పబ్లిషర్‌తో మాట్లాడడం, ఎంత డబ్బు అడగాలో తేల్చుకోవడం, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఈ రంగంలో మిమ్మల్ని డిగ్రీ అడిగేవాళ్ళు తక్కువ. డమ్మీ చూపించమనేవాళ్ళే ఎక్కువ.

డమ్మీ చేయడం

ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకోండి. అన్నిటినీ కలిపి మధ్యకి మడిచి, మడత మీద సూదీ దారంతో రెండు కుట్లు వేయండి. 32 పేజీల పుస్తకం తయారైంది. బొమ్మల పుస్తకాలకి ఎక్కడైనా ఎక్కువగా వాడే లెక్క ఇదే, దీనికి కారణం అచ్చు మెషిన్‌లో ఉంది: పెద్ద షీటుకి రెండు వైపులా అచ్చేసి మడిస్తే 8 పేజీలదో 16 పేజీలదో ఒక ఫారం వస్తుంది, పదహారు పేజీల ఫారాలు రెండు కలిస్తే 32. ఖర్చు తగ్గించుకోవడానికి మన తెలుగులో 16, 24 పేజీల పుస్తకాలు కూడా చాలా వస్తాయి. సెంటర్ పిన్ కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగిస్తే శేషం మిగలకూడదు. "నాది 27 పేజీల కథ" అని ఉత్తరం రాస్తే, డమ్మీ చేయలేదన్న సంగతి ఎడిటర్‌కి అక్కడే తెలిసిపోతుంది.

మొదటి పేజీ టైటిల్‌కి పోతుంది, రెండోది ప్రచురణ వివరాలకి పోతుంది. మూడో పేజీ, చివరి పేజీ ఒంటరివి. మధ్యలో ఎదురెదురు పేజీల జతలు పద్నాలుగు ఉంటాయి, ఒక్కో జతని స్ప్రెడ్ అంటారు. మీ కథంతా ఆ పద్నాలుగు స్ప్రెడ్‌లలో జరగాలి. కథని చిన్న చీటీల మీద ముక్కలుగా రాసి, మళ్ళీ ఊడదీయడానికి వీలుగా తేలిగ్గా అంటించండి. బొమ్మలు పుల్లల మనుషులైనా చాలు, అసలు ఈ దశలో అందంగా గీయకపోవడమే మంచిది, ఎందుకంటే బాగా కుదిరిన బొమ్మ కథకి అక్కర్లేదని తెలిసినా తీసేయడానికి చెయ్యి రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. చిన్ని అనే పాప వానాకాలంలో తాతతో కలిసి సంతకి వెళ్తుంది, బురదలో చెప్పు ఇరుక్కుపోతుంది. మొదటి ప్రతిలో ఎవరైనా మామూలుగా ఇలా రాస్తారు:

"ఆ రోజు వాన పడుతోంది. చిన్ని ఎర్ర గౌను వేసుకుని తాతయ్య చేయి పట్టుకుని సంతకి బయలుదేరింది. సంతలో చాలామంది జనం ఉన్నారు. చిన్ని కుడికాలి చెప్పు బురదలో కూరుకుపోయింది. చిన్నికి ఏడుపొచ్చింది."

దీన్ని డమ్మీలో పెట్టి చూడండి. వాన బొమ్మలో కనిపిస్తోంది. ఎర్ర గౌనూ కనిపిస్తోంది. తాత చేయి, జనం, బురద, ఏడుపు ముఖం, అన్నీ బొమ్మలోనే ఉన్నాయి. మరి మాటలకి మిగిలిందేంటి? బొమ్మ చెప్పలేనిది: చప్పుడు, మనసులో అనుకున్నది, ఎవరు ఎవరితో ఏమన్నారన్నది. కాబట్టి ఎడమ పేజీలో "పచక్. పచక్. పచక్." అని రాయండి. కుడి పేజీ అడుగున "చిన్ని ఇంకో అడుగు వేసింది. కాలు వచ్చింది. చెప్పు మాత్రం..." అని ఆపేయండి. పేజీ తిప్పగానే స్ప్రెడ్ నిండా బురద, మధ్యలో చెప్పు కొస ఒక్కటే బయటికి కనిపిస్తూ, మూలన "రాలేదు" అన్న ఒక్క మాట. అంతే.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, క్రియకి ముందు వాక్యాన్ని ఆపి పేజీ తిప్పించడం మనకి చాలా సులువుగా కుదురుతుంది. కథ చెప్పే అమ్మమ్మలు సరిగ్గా అక్కడే ఆగి పిల్లలచేత "ఊఁ" కొట్టించుకుంటారు. కథ చెప్పడంలో మనకి ఇంత మంచి పద్ధతి ఉంది, చాలామంది రచయితలు దీన్ని అసలు వాడరు, పేజీకి మూడు పూర్తి వాక్యాలు సమంగా పంచేసి ఊరుకుంటారు.

డమ్మీ పూర్తయ్యాక దాన్ని మీరు చదవకండి. మీ అక్కకో, పక్కింటివాళ్ళకో, తెలిసిన టీచర్‌కో ఇచ్చి పిల్లలకి పైకి చదివి వినిపించమనండి, మీరు పక్కన కూర్చుని చూడండి. మీరైతే గొంతుతో కథని నిలబెట్టేస్తారు, పుస్తకం అమ్ముడయ్యాక ప్రతి ఇంటికీ మీ గొంతు వెళ్ళదు కదా. చదివేవాళ్ళు ఎక్కడ తడబడ్డారు, పిల్లలు ఎక్కడ ముందే పేజీ తిప్పబోయారు, ఏ బొమ్మ దగ్గర వేలు పెట్టి ఏదో అడిగారు, ఇవి పెన్సిల్‌తో ఆ పేజీ మీదే రాసుకోండి. తర్వాత మళ్ళీ ఎనిమిది కాగితాలు తీసుకుని ఇంకో డమ్మీ చేయండి. ఒక పుస్తకానికి మూడు నాలుగు డమ్మీలు పట్టడం మామూలే, అవేవీ వృథా కాదు.

మాటల సంగతి

ఎవరు చదువుతారు అన్నది ముందే తేల్చుకోవాలి. పెద్దవాళ్ళు చదివి వినిపించే పుస్తకంలో పదాలు కొంచెం పెద్దవైనా ఫరవాలేదు, చెవికి ఇంపుగా ఉంటే చాలు. పిల్లలు సొంతంగా కూడబలుక్కుని చదివే పుస్తకమైతే అక్షరాల లెక్క చూడాలి. మన బడుల్లో వరుస అందరికీ తెలిసిందే: అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. ఒత్తుల్లోనూ "అమ్మ, పువ్వు, కుక్క" లాంటి ద్విత్వాలు ముందు పట్టుబడతాయి, "పుస్తకం, పద్యం" లాంటి సంయుక్తాలు తర్వాత, "రాష్ట్రం, స్త్రీ" లాంటి సంశ్లేషాలు అన్నిటికన్నా ఆఖర్న. కొత్తగా చదివే పిల్లల పుస్తకంలో "స్వాతంత్ర్యం" అన్న మాట ఒక్కటి చాలు, అక్కడే పుస్తకం మూసేస్తారు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో పుస్తకాలని నాలుగు స్థాయిలుగా విడదీశారు, మొదటి స్థాయికి 250 పదాల లోపు, రెండో స్థాయికి 600 లోపు, మూడో స్థాయికి 1500 లోపు అని లెక్క ఉంది. మీ కథ ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి ఇది మంచి కొలబద్ద.

ఇక యాస. ఇది నాకు గట్టిగా చెప్పాలనిపించే విషయం. చాలామంది పిల్లల పుస్తకం అనగానే పాఠ్యపుస్తకం భాషలోకి వెళ్ళిపోతారు, "మిక్కిలి సంతోషించెను" అనకపోయినా ఆ ధోరణి వచ్చేస్తుంది. కథ చెప్పే గొంతు అందరికీ అర్థమయ్యే వాడుక తెలుగులో ఉండనివ్వండి, పాత్రలు మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ళ ఊరి మాట రానివ్వండి. నాయనమ్మని తెలంగాణలో చాలా ఇళ్ళలో బాపమ్మ అంటారు, రాయలసీమలో జేజి అంటారు. ఆదిలాబాద్ పాప తన పుస్తకంలో బాపమ్మని చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. వేరే ప్రాంతం పిల్లలకి ఆ మాట తెలియకపోయినా పక్కన ముసలావిడ బొమ్మ ఉంది కదా, అర్థమైపోతుంది. పదం కింద అర్థాలు ఇవ్వాల్సిన పని లేకుండా చేసేది బొమ్మే.

చివర నీతి వాక్యం పెట్టకండి. "కాబట్టి పిల్లలూ..." అని మొదలైతే ఆ పేజీ చించేయండి. చిన్నికి చెప్పు దొరికిందా లేదా, తాత ఏం చేశాడు అన్నది సరిగ్గా చూపిస్తే పిల్లలకి కావలసింది అందులోనే ఉంటుంది.

బొమ్మ సంగతి

అసలు బొమ్మలు మొదలుపెట్టే ముందు పాత్రకి ఒక షీటు తయారు చేసుకోండి: చిన్ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, పరిగెడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ. జడలు రెండా ఒకటా, గౌనుకి జేబు ఏ వైపు, తాత కండువా ఏ భుజం మీద. మూడో పేజీలో ఎడమ చేతికి ఉన్న గాజులు తొమ్మిదో పేజీలో కుడి చేతికి మారితే ఎడిటర్ చూడకపోవచ్చు, ఐదేళ్ళ పిల్ల తప్పకుండా పట్టుకుంటుంది.

చుట్టూ ఉన్నవాటిని చూసి గీయండి. పొగగొట్టం ఉన్న ఇల్లు, ఇంటి ముందు యాపిల్ చెట్టు, ఇవి మన పిల్లలకి డ్రాయింగ్ పుస్తకాల్లో చూసి చూసి అలవాటైపోయాయి. వాళ్ళకి నిజంగా తెలిసినవి వేరు: ఆటో వెనక రాసిన రాతలు, బోరింగ్ దగ్గర బిందెల వరస, అంగన్‌వాడీ గోడ మీద అఆలు, వడియాలు ఎండబెట్టిన పాత చీర, గేదె వీపు మీద కాకి. సంతకి స్కెచ్‌బుక్ పట్టుకెళ్ళి ఒక గంట కూర్చోండి, తక్కెడ పట్టుకునే చెయ్యి ఎలా వంగుతుందో గూగుల్ ఫోటోల్లో దొరకదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామకి పనిచేసిన చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ లాంటి చిత్రకారుల బొమ్మలు పాత సంచికల్లో దగ్గర నుంచి చూడండి. వాళ్ళ శైలిని అనుకరించమని కాదు. ఒక్క బొమ్మలో నలుగురు మనుషులుంటే మన చూపు ముందు ఎవరి మీద పడాలో వాళ్ళు ఎలా నడిపించారు, చీరకట్టు, తలపాగా, అరుగు, స్తంభం ఎంత గమనించి వేశారు అన్నది చూడమని. చెరియాల నకాశీ పటాల్లో ఎర్రటి నేపథ్యం మీద కథ వరసగా ఎలా సాగుతుందో కూడా చూడండి. పటం విప్పుతూ కథ చెప్పే పద్ధతికీ పేజీ తిప్పుతూ చెప్పే పద్ధతికీ చాలా దగ్గర చుట్టరికం ఉంది.

ఇక టెక్నికల్ విషయాలు, వీటిని తేలిగ్గా తీసుకుంటే ప్రెస్ దగ్గర టెన్షన్ పడాలి. పేజీ కత్తిరించే చోటుకి అవతల 3 మిల్లీమీటర్లు బొమ్మ అన్ని వైపులా ఎక్కువగా ఉండాలి, దాన్ని బ్లీడ్ అంటారు. ముఖాలు, మాటలు పుస్తకం మధ్య మడతలో పడకూడదు. అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, కాగితం మీద వాటర్ కలర్‌తో వేసి స్కాన్ చేస్తే 600లో చేయించడం మంచిది. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నియాన్ గులాబీ, నిండు నీలం సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి, మార్చగానే చప్పబడతాయి, అందుకే రంగులు ముగిశాక కాదు, మొదటి బొమ్మ దగ్గరే ఒకసారి మార్చి చూసుకోండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు. కొనే స్తోమత లేకపోతే కృతా ఉచితంగా దొరుకుతుంది, దానితో ప్రొఫెషనల్ పని చేయొచ్చు.

తెలుగు అక్షరాలకి చోటు వదలడం గురించి విడిగా చెప్పాలి. ఇంగ్లిష్ పుస్తకాలు చూసి లేఅవుట్ నేర్చుకున్నవాళ్ళు పొరపడేది ఇక్కడే. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, లైన్ల మధ్య దూరం ఎక్కువ కావాలి, లేకపోతే పై లైన్ ఒత్తు కింది లైన్ గుడిని తాకుతుంది. మూడు లైన్లు పడతాయనుకున్న చోట రెండే పడతాయి. కాబట్టి డమ్మీలోనే అసలు ఫాంట్‌లో, అసలు సైజులో ప్రింట్ తీసి అంటించి చూడండి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇన్‌డిజైన్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) వాడేటట్లయితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, ఇది తెలియక డీటీపీ వాళ్ళతో రోజులు రోజులు గొడవపడేవాళ్ళున్నారు.

ఇంకొకటి: మాటల్ని బొమ్మలో కలిపేయకండి, వేరే లేయర్‌లో ఉంచండి. బొమ్మల మధ్య దుకాణం బోర్డుల మీద తెలుగు రాతలు కూడా వీలైనంత తగ్గించండి. తూలిక, ప్రథమ్ లాంటి సంస్థలు ఒకే బొమ్మలతో పుస్తకాన్ని చాలా భాషల్లో వేస్తాయి, అప్పుడు ఒక్కో సిరాకి ఒకటిగా ఉండే అచ్చు ప్లేట్లలో రంగులవి అలాగే ఉంచి నల్ల ప్లేటు ఒక్కటే భాషకొకటి మారుస్తారు. మీ అక్షరాలు నలుపులో ఉంటేనే అది సాధ్యం. నిండు నీలం ఆకాశం మీద తెల్ల అక్షరాలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఆ పుస్తకం వేరే భాషలో వేయాలంటే ఖర్చు పెరుగుతుంది.

ఎవరికి పంపాలి

తెలుగు పిల్లల పుస్తకాలకి ముందుగా చెప్పుకోవాల్సింది సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం. అనువాదాలు, సొంత కథలు, బొమ్మల పుస్తకాలు, రెండు భాషల పుస్తకాలు, అన్నీ తక్కువ ధరకి తెస్తారు. అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి పిల్లల పుస్తకాల పోటీలు కూడా నడిపారు, అలాంటి ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. చెన్నైలో తూలిక, తారా బుక్స్ ఉన్నాయి. తూలిక తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో వేస్తుంది, తారా చేతి పనికీ జానపద కళకీ పెట్టింది పేరు. నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రభుత్వ సంస్థ, 1957లో మొదలైంది, నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో పిల్లల పుస్తకాలు వేస్తుంది, అక్కడ పని నెమ్మదిగా సాగినా పుస్తకం దేశమంతా వెళ్తుంది. భోపాల్‌లో ఏకలవ్య ఉంది, వాళ్ళది ఎక్కువగా హిందీ, బొమ్మలకి భాష అడ్డు కాదు కాబట్టి ఇలస్ట్రేటర్‌గా పోర్ట్‌ఫోలియో పంపొచ్చు.

స్టోరీవీవర్ సంగతి వేరు. 2015లో వచ్చిన ఈ వేదికలో మీ అంతట మీరే కథ పెట్టొచ్చు, వేరేవాళ్ళ బొమ్మలు తీసుకుని కథ రాయొచ్చు, వేరే భాష కథని తెలుగులోకి తేవొచ్చు. అక్కడివన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి, అంటే మీ పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, ఒకసారి ఇచ్చాక ఆ లైసెన్స్ వెనక్కి తీసుకోవడం కుదరదు. కొత్తవాళ్ళు ఒకటి రెండు పుస్తకాలు అక్కడ పెట్టడం మంచిదే అంటాను, చూపించడానికి నమూనా ఉంటుంది, ఊళ్ళలో బడులకి పుస్తకం చేరుతుంది. మీకు బాగా ప్రాణమైన కథని మాత్రం అక్కడ పెట్టే ముందు బాగా ఆలోచించుకోండి.

పంపేటప్పుడు డమ్మీని స్ప్రెడ్‌ల వారీగా స్కాన్ చేసి ఒక పీడీఎఫ్ చేయండి. అందులో రెండు స్ప్రెడ్‌లు పూర్తి రంగుల్లో ఉండాలి, మిగిలినవి పెన్సిల్‌లోనే ఉండనివ్వండి. అన్నీ పూర్తి చేసి పంపితే ఎడిటర్ మార్పులు చెప్పినప్పుడు మీకూ కష్టం, చెప్పడానికి వాళ్ళకీ మొహమాటం. ఉత్తరం నాలుగు లైన్లు చాలు: కథ ఏంటి, ఏ వయసుకి, ఎన్ని పేజీలు, మీరెవరు. ముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రచనలు పంపే నియమాలు చదవండి, కొందరు సంవత్సరంలో కొన్ని నెలలే తీసుకుంటారు.

చదువు గురించి కూడా అడుగుతుంటారు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్, అమరావతిలోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ, ఇవన్నీ మంచివే, వీలైతే వెళ్ళండి. వీలు కాకపోతే ఆగిపోకండి. ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల ఫెయిర్‌లో జరిగే ఇలస్ట్రేటర్స్ ఎగ్జిబిషన్‌కి ఐదు బొమ్మల వరస పంపాలి, ఎంపికైనా కాకపోయినా ఒకే కథకి సంబంధించి ఐదు బొమ్మలు ఆ స్థాయిలో పూర్తి చేయడం చాలా గట్టి సాధన.

డబ్బు, కాగితం

ముందు లెక్క చూద్దాం. పుస్తకం ధర 80 రూపాయలు, మీకు 10 శాతం రాయల్టీ (అమ్మిన ప్రతి కాపీ మీద మీకొచ్చే వాటా) అనుకుందాం. ధర మీద లెక్కేస్తే కాపీకి 8 రూపాయలు, రెండు వేల కాపీలూ అమ్ముడైతే 16,000. అదే "నికర రాబడి మీద 10 శాతం" అని రాసుంటే, అమ్మేవాళ్ళకి 40 శాతం కమిషన్ పోగా 48 రూపాయల మీద 4 రూపాయల 80 పైసలు, మొత్తం 9,600. ఒకే శాతం, అగ్రిమెంట్‌లో ఒక్క మాట తేడా. పైగా రెండు వేల కాపీలు అమ్ముడవడానికి ఏడాది పట్టొచ్చు, మూడేళ్ళూ పట్టొచ్చు. పద్నాలుగు స్ప్రెడ్‌లూ అట్టా వేయడానికి మీకు నెలలు పడతాయి కాబట్టి, బొమ్మలకి ఫీజు విడిగా, రాయల్టీ విడిగా అడగండి. కుదరదంటే రాయల్టీ మీద అడ్వాన్స్ అయినా అడగండి. రచయితా చిత్రకారుడూ ఒకరే అయినప్పుడు "ఇద్దరి పని ఒకరే చేస్తున్నారు కదా" అని ఒకరి డబ్బే ఇవ్వబోయేవాళ్ళు ఉంటారు. రెండు పనులకి రెండు మొత్తాలు.

కాపీరైట్ చట్టం, 1957 గురించి నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి, డబ్బు తీసుకుని వేరేవాళ్ళ కోరిక మీద వేసిన పెయింటింగ్‌కి, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే అవుతారు. సెక్షన్ 17లో ఉంది. ఫోన్లో మాట్లాడుకుని పని మొదలుపెట్టే ఆర్టిస్టులు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. రెండు, హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంత కాలం అన్నది రాయకపోతే ఐదేళ్ళని, ఏ ప్రాంతం అన్నది రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. కాబట్టి పబ్లిషర్ "అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని రాసి పంపితే ప్రతి మాటా మీ దగ్గరి నుంచి ఏదో ఒకటి తీసుకుంటోందని అర్థం. ఏ భాషలు, ఎన్నేళ్ళు, అచ్చు పుస్తకమేనా లేక ఈ-బుక్, యానిమేషన్, బొమ్మల టీ షర్టులు కూడానా అని విడివిడిగా అడగండి. అడిగినందుకు మంచి పబ్లిషర్ ఎవరూ కోపం తెచ్చుకోరు. మూడు, హక్కులన్నీ ఇచ్చేసినా ఆ పని మీది అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మీకే ఉంటుంది. నాలుగు, కాపీరైట్ మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది, అంటే మీ పిల్లలకి సంబంధించిన ఆస్తి కూడా, తొందరపడి సంతకం పెట్టేయకండి.

అట్ట మీద మీ పేరు ఉంటుందా అని కూడా రాతలోనే అడగండి. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో "బొమ్మలు: ఫలానా" అని వేసి సరిపెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, బొమ్మల పుస్తకంలో సగం కథ చెప్పింది ఆ మనిషే కదా.

పని ఇచ్చిన సంస్థ టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని మిగతాది ఇస్తుంది. ఆ ఏడాది మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు, పాన్ నంబర్ వేసి ప్రతి పనికీ ఇన్వాయిస్ ఇవ్వడం మొదటి నుంచీ అలవాటు చేసుకోండి.

పుస్తకాల మీదే ఇల్లు గడవడం తెలుగులో ఇప్పటికైతే కష్టం, ఈ మాట దాచడం న్యాయం కాదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది పత్రికలకి బొమ్మలు వేస్తారు, పాఠ్యపుస్తకాలకి, స్వచ్ఛంద సంస్థల పోస్టర్లకి, చదువు యాప్‌లకి పనిచేస్తారు, బడుల్లో వర్క్‌షాపులు పెడతారు, లేదా వేరే ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు గీస్తారు. వర్క్‌షాప్ అడిగిన బడిని ఫీజు అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ బడికి ఊరికే వెళ్ళడం మీ ఇష్టం, అక్కడ పిల్లల మధ్య కూర్చుని చదివిన గంటలో తర్వాతి పుస్తకానికి బోలెడు దొరుకుతుంది. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, తెలుగుకి కూడా ఉంది, 50,000 రూపాయలు. బొమ్మలు వేసేవాళ్ళకి టాటా ట్రస్ట్స్ పరాగ్ వాళ్ళ బిగ్ లిటిల్ బుక్ అవార్డు ఉంది.

మీరే అచ్చు వేయాలంటే

పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు, దానికి వేలు గుంజే ఏజెంట్ల జోలికి పోకండి. వంద కాపీలు డిజిటల్ ప్రింట్ వేయించి ముందు చూసుకోండి. ఆఫ్‌సెట్‌లో వెయ్యి దాటితేనే కాపీ ఖర్చు చెప్పుకోదగ్గట్టు తగ్గుతుంది, కానీ వెయ్యి కాపీలంటే ఇంట్లో ఒక మంచం కింద మొత్తం అట్టపెట్టెలే. అమ్మకం అచ్చు కంటే కష్టం. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడ బుక్ ఫెయిర్లు ఉంటాయి, కాచిగూడలో నవోదయ లాంటి పుస్తకాల షాపులున్నాయి, షాపు కమిషన్ పోగా మీకు మిగిలేదెంతో చూసుకుని ధర పెట్టండి. విదేశాల్లో వారాంతాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలు, మనబడి లాంటి చోట్ల చదివేవాళ్ళు, మంచి పాఠకులు. వాళ్ళకి ఎనిమిదేళ్ళ వయసుకి తగిన కథ, ఐదేళ్ళ పిల్లలు చదవగలిగే అక్షరాల్లో కావాలి, అలాంటి పుస్తకాలు చాలా తక్కువ. ఎవరైనా దీని మీద శ్రద్ధ పెడితే బాగుంటుంది.

ప్రూఫ్ వచ్చినప్పుడు

పబ్లిషర్ వేసినా మీరు వేసుకున్నా ఆఖరి ప్రూఫ్ స్క్రీన్ మీద చూసి "ఓకే" అని మెసేజ్ పెట్టేయకండి. కాగితం మీద ప్రింట్ తీసి, మడిచి, మీ ఆఖరి డమ్మీని పక్కన పెట్టుకుని స్ప్రెడ్ స్ప్రెడ్ సరిచూడండి. యూనికోడ్‌లో ఉన్న మీ టెక్స్ట్‌ని డీటీపీలో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంట్లలోకి) మార్చి ఉంటే క్ష, ఱ, పొల్లు వచ్చిన ఇంగ్లిష్ మాటలు, కొటేషన్ గుర్తులు, మూడు చుక్కలు, ఇవి చెడిపోయే అవకాశం ఎక్కువ. ముందు వాటినే వెతకండి. కుడి పేజీలో ఉండాల్సిన "చెప్పు మాత్రం..." ఎడమ పేజీలోకి జరిగిందేమో చూడండి, ఒక్క ఖాళీ పేజీ ఎక్కడైనా దూరితే పుస్తకంలోని మలుపులన్నీ తప్పుతాయి. బార్‌కోడ్ వెనక అట్ట మీద బొమ్మ ముఖాన్ని కప్పిందా, వెన్ను ఉంటే దాని మీద పేరు సరైన దిక్కులో ఉందా, మీ పేరు ఇంటి పేరుతో సహా సరిగ్గా ఉందా చూసుకోండి. మార్పులు ఎర్ర పెన్నుతో ప్రింట్ మీదే గుర్తుపెట్టి, ఫోటోలు తీసి, పేజీ నంబర్లతో మెయిల్‌లో పంపండి. దిద్దిన ప్రూఫ్ మళ్ళీ చూశాకే అచ్చుకి ఒప్పుకుంటానని, రచయిత కాపీలు ఎన్ని ఇస్తారో చెప్పమని అదే మెయిల్‌లో రాసేయండి.